సాయిబుగారి ముక్కు

"తినీసినారా?"

"తినేసినా అక్కా. డబ్బా కూడా కడిగి పెట్టినా, ఇదిగో."

"మొత్తం?"

"అడుగు గోకి మరీ తిన్నా. బాగుండాది."

"బాగుండడమేటండీ బాబూ! అది పాచిపోయిన పప్పు. మొన్నటిది. కరివేపాకు తొట్లో పోద్దామని తీసి పెట్టుకున్నాను. మీకు పంపాల్సిన డబ్బా ఇదిగో, ఇంకా నా చేతిలోనే ఉంది."

"అయితే ఏమాయె? బాగుందన్నా గదక్కా. బాగుందన్నా తిడతారా?"

"బాగున్నదాన్ని బాగోలేదంటే ఓర్చుకుంటాను. పాడైపోయినదాన్ని బాగుందన్నవాళ్ళని ఎలా నమ్మడం? ఇన్నాళ్ళూ నా పులుసుల్ని మెచ్చుకున్నదంతా ఇదేనేటి?"

"అట్టనబాకండక్కా."

"మరెలా అనాలేటి? మూత తీస్తే లిఫ్టు దాకా కొట్టే కంపు! అంతటి ముక్కున్న మనిషికి ఆ మాత్రం తెలీలేదంటే..."

ముక్కు అన్న మాట దగ్గర ఆయన మాస్కు పైకి లాక్కున్నారు. గుమ్మంలోంచి నడవ అటూ ఇటూ చూశారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు.

"ముక్కు పోయిందక్కా. జొరం తగ్గి మూడు వారాలైంది. ఏ వాసనా తెలవడం లేదు. ఎవురితో చెప్పబాకండి."

మొన్న ఆయన కూతురు నెల్లూరు నుంచి ఫోను చేసింది. నాన్న పోయిన నలభయ్యో రోజు ఫాతెహా అయిందమ్మా, మీకు చెప్పమని అమ్మ అంది అని. ఫోను పెట్టేశాక నాకు ముందుగా గుర్తుకొచ్చింది ఆ పాచిపప్పే. మంచివాళ్ళ గురించి తలుచుకునేటప్పుడు గొప్ప సంగతులు గుర్తుకు రావాలంటారు. నాకు రాలేదు.

అరబ్బు దేశంలో, కరామా అనే పేటలో, మా అమ్మాయి ఫ్లాటుకి ఎదురు గుమ్మం వాళ్ళది. ఒకే ఫ్లాటులో ఆరుగురు మంచాలు వేసుకుని ఉండేవారు. వాళ్ళలో పొద్దున్నే నల్లకోటు తొడిగి, టై కట్టి, బూట్లు తుడుచుకుని బయల్దేరేది ఆయన ఒక్కరే. తక్కినవాళ్ళంతా సైటు బట్టల్లో వెళ్ళేవారు. నేను మొదట్లో బ్యాంకు మేనేజరు అనుకున్నాను. బ్యాంకు మేనేజరు మంచం అద్దెకు తీసుకుని ఎందుకుంటాడని తర్వాత తట్టింది.

అడిగితే చెప్పారు. పెద్ద హోటల్లో డబ్బున్నవాళ్ళు కూర్చుని చుట్టలు కాల్చుకునే గది ఒకటుందట. వాళ్ళు తాగే ఎర్ర వైను సీసాకి ఏ చుట్ట సరిపోతుందో చెప్పడం ఆయన ఉద్యోగం.

"అంతేనా?" అన్నాను.

"అంతే అక్కా."

"చుట్టకీ సీసాకీ సంబంధాలు కుదిర్చే పేరయ్యన్నమాట."

ఆయన నొచ్చుకోలేదు. నవ్వి, "పేరయ్యకి కనీసం పెళ్ళిభోజనం పెడతారక్కా. నాకు అదీ లేదు" అన్నారు.

నిజంగానే లేదు. ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు. చుట్ట కూడా కాల్చరు. సీసా బిరడా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటారు, చుట్టను ఒక చివర నుంచి ఇంకో చివరకి వాసన చూస్తారు, కళ్ళు మూసుకుంటారు, ఇది దానికి అంటారు. ఇరవై ఏళ్ళకు పైగా అలాగే నెట్టుకొచ్చారు. కాల్చేవాళ్ళు రెండో పీలుపు వెంటనే పీల్చారా, ఆగి పీల్చారా అని దూరంగా నిలబడి చూసేవారట. వెంటనే పీలిస్తే జోడీ కుదిరినట్టు.

"తాగనివాడు తాగేవాడికి చెప్పడమేటండీ?" అని అడిగాను ఒకసారి.

"నోట్లోకి పొయ్యేదానికే అడ్డం ఉండాదక్కా. ముక్కులోకి పొయ్యేదానికి ఎవురు అడ్డం?"

ఈ మాట అన్నప్పుడు ఆయన ముక్కు కొన కొంచెం పైకి లేచేది. మామూలు ముక్కే. లావూ కాదు, పొడుగూ కాదు. కానీ మెట్లెక్కి వస్తూ మా గుమ్మం ముందు ఆగి చెప్పేవారు. "రెండో అంతస్తు మలయాళీ వాళ్ళు కొబ్బరినూనె మార్చినారు." "కింద ఎవురో బిర్యానీలో పుదీనా మరిచిపోయినారు." ఒకరోజు అలాగే ఆగి, ముక్కు పైకెత్తి, ఏమీ చెప్పకుండా పరుగెత్తుకెళ్ళి వాచ్‌మన్‌ని లాక్కొచ్చారు. మీటరు పెట్టెలో వైరు కాలుతోంది. పొగ ఇంకా రాలేదు. ఆ రోజు నుంచి బిల్డింగులో అందరూ ఆయనకి దారి వదిలి నడిచేవారు.

టీ ఇస్తే మాత్రం నాకు ఒళ్ళు మండేది. కప్పు చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చునేవారు.

"తాగండి, చల్లారిపోద్ది."

"తొందరపడబాకండక్కా. అది ఇంకా నోరు విప్పలేదు."

వైను సీసా మూత తీసి కాసేపు గాలి తగలనిస్తే రుచి తెలుస్తుందట, దాన్ని నోరు విప్పడం అంటారట. ఆయన టీ విషయంలోనూ అదే అనేవారు, అన్నం విషయంలోనూ అదే. మా అల్లుడు కొత్తలో ఆయనతో మాట్లాడకపోతే, "ఆ అబ్బయ్య ఇంకా నోరు విప్పలేదు" అన్నారు. నేను ఒకసారి విసుక్కుని, "నోరు విప్పలేదు గానీ మీ టీ మీగడ కట్టీసింది" అన్నాను. మీగడ వేలితో తీసి పక్కన పెట్టి తాగారు. నేనా మీగడ పారెయ్యలేదు. ఆ సంగతి అక్కర్లేదు.

ఆయన ఉద్యోగం మీద నాకు గౌరవం కలిగింది ఒక్క మాటకి. ముద్దపప్పులోకి ఆవకాయ వేసి పంపాను. డబ్బా తిరిగిచ్చేటప్పుడు ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇదే అక్కా నా పని. పప్పు మెత్తంగా వింటా ఉండాది, ఆవకాయ మాట్లాడతా ఉండాది. ఒకటి మాట్లాడేటప్పుడు ఇంకోటి వినాల. రెండూ అరిచే రకమైతే సంసారం కాదు."

మా పెళ్ళయిన కొత్తలో ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనుకున్నాను.

లోకమంతా మాస్కులు కట్టుకున్న ఆ సంవత్సరం హోటళ్ళన్నీ మూసేశారు. ఆయన గదీ మూసేశారు. ఆరు మంచాల ఫ్లాటులో ఒకరికి జ్వరం వస్తే ఆరుగురికీ వచ్చింది. అందరినీ తీసుకెళ్ళి ఎక్కడో పెట్టి, రెండు వారాలకి తిరిగి పంపారు. మిగతా ఐదుగురికి దగ్గు మిగిలింది. ఈయనకి ముక్కు పోయింది.

"పోతే పోయింది, వస్తుంది" అన్నాను ఆ రోజు గుమ్మంలో, పాచిపప్పు కోపం దిగిపోయాక.

"వచ్చేదాకా ఆగరక్కా. హోటలు తెరస్తా ఉండారు. కొత్త ముదీర్, అదే మేనేజరు, వచ్చినాడు. మేం ముగ్గురం ఉంటిమి ఆ గదిలో, ఒకడు చాలంట. పరీక్ష పెడతాడంట. సీసా పేరు చెప్పినాడు. ఎదురుగా కూర్చుని, దానికి చుట్ట ఏరి, ఎందుకో చెప్పాల. చెప్పలేనోళ్ళకి వీసా క్యాన్సిల్, ఖలాస్."

"ఎప్పుడు?"

"ఇరవై రోజులు."

ఆయన భార్యకి అప్పుడు కళ్ళ ఆపరేషను ఒకటి అయి ఇంకొకటి మిగిలి ఉంది. అది నాకు తెలుసు. ఆయన ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మర్నాటి నుంచి పది గంటలకి, మా వాళ్ళంతా లాప్‌టాపుల ముందు కూర్చున్నాక, నేను పోపుల పెట్టె పట్టుకుని గుమ్మంలో కూర్చునేదాన్ని. ఆయన ఎదురు గుమ్మంలో స్టూలు మీద. మధ్యలో నడవ. ముక్కుకి కసరత్తు చేయించాలని ఎవరో డాక్టరు చెప్పాడట. కసరత్తుకి ఖరీదైన నూనెలు కొనమన్నాడట. నేను కొననివ్వలేదు. ఇంట్లో ఇంగువ పెట్టుకుని నూనెలు కొనేదేమిటి!

"కళ్ళు మూసుకోండి. ఇదేటి?"

"ఆవాలు."

"సెబాసు! ఇదేటి?"

"మెంతులు."

"ఇది?"

"జీలకర్ర."

మూడు రోజులు అన్నీ సరిగ్గా చెప్పారు. నేను మా అమ్మాయితో ముక్కు తిరిగొచ్చేసిందని గొప్పగా చెప్పుకున్నాను. నాలుగో రోజు ఇంగువ ముద్ద పెడితే నోరు తెరవలేదు. ఇంగువ గిన్నెలో గలగలలాడదు కదా! ఆవాలకీ మెంతులకీ చప్పుడు విని చెప్తున్నారన్నమాట.

"దొంగతనం చేస్తున్నారేటండీ, ఈ వయసులో?"

"దొంగతనం కాదక్కా," తల దించుకున్నారు. "మీరు సంతోషపడతా ఉంటిరి. ఎట్టా చెప్పేది?"

ఇంగువ ముద్దని మళ్ళీ పెట్టెలో పెట్టాను. వాసన చూసినంత మాత్రాన అరిగిపోదు.

పది రోజులు గడిచాక ఆయన బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తెచ్చారు. దాని నిండా బిరడాలు. వాసన చూసిన ప్రతి రకం సీసాకీ ఒక బిరడా దాచుకున్నారు. సీసా లోపలికి రాకూడదని మా ఇంటి నియమం. బిరడాకి నియమం పెట్టుకోలేదు కాబట్టి ఒప్పుకున్నాను. పరీక్షలో పెట్టబోయే సీసా బిరడా వెతికి, చేతిరుమాల్లో పెట్టి నాకిచ్చారు.

"మీ ముక్కు అరువియ్యండక్కా."

నేను వాసన చూశాను. "పులిసిన నేరేడుపళ్ళు," అన్నాను. "వానకి తడిసిన గోనెసంచి. మా అత్తగారి కుండలో అడుగున మిగిలిపోయిన పాత చింతపండు. ఇంకా ఏదో ఉంది. ఆఁ, కొత్త చెప్పులు."

ఆయన ఒక పుస్తకంలో రాసుకుంటూ పోయారు. గోనెసంచికి ఇంగ్లీషులో ఏదో పేరుందట. కొత్త చెప్పులకీ ఉందట. డబ్బులిచ్చి చెప్పుల వాసన తాగుతారని నాకు అప్పుడే తెలిసింది.

ఇక చుట్టలు. పైపొర చిట్లిన చుట్టలను అతిథులకు ఇవ్వరు, అలాంటివి మూడు తెచ్చారు. ఒకటి లేత రంగు, ఒకటి మధ్యరకం, ఒకటి నల్లగా మా ఊరి తాటిబెల్లంలా ఉంది. నేను నల్లదాన్ని చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో నలిపాను.

"ఇదేందక్కా, డాక్టరు మాదిరి!"

"ఆకు ఎండిందా, పదును మీదుందా చెవికి తెలుస్తుంది. మా అమ్మ నేర్పింది. మాది శ్రీకాకుళం వైపు సాయిబుగారూ. మూడో తరగతితో చదువు మానీసి పొగాకు తోరణాలు కట్టాను."

ఆయన పుస్తకం మూసేశారు. పుస్తకం మూసి నన్ను చూడటం అదే మొదటిసారి.

అసలు సంగతి అంటించి చూస్తే గానీ తెలియదన్నాను. చుట్ట మానేసి చాలా ఏళ్ళయింది. అంగిలి చూసి డాక్టరు తిట్టిన తిట్లకి మానేశాను. అయినా రెండేసి పీలుపులకి పోయేదేమీ లేదనుకుని, బాల్కనీలోకి వెళ్ళి, పావురాల వలకి వీపు ఆనించి, మధ్యరకం చుట్ట అంటించాను. నిప్పు బాగా రాజుకోగానే అలవాటు ప్రకారం తిప్పి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకున్నాను.

ఆయన పెట్టిన కేకకి వల మీది పావురాలన్నీ లేచిపోయాయి.

"అక్కా! తిరగేసినారు! నిప్పు! నిప్పు నోట్లో పెట్టుకున్నారు!" బకెట్టు కోసం చుట్టూ చూసి, ఏసీ నీళ్ళు పట్టుకునే డబ్బా ఎత్తి నా మీద పొయ్యబోయారు.

నేను చెయ్యెత్తి ఆపి, పొగ వదిలి, చుట్ట బయటికి తీశాను. "ఆ నీళ్ళు మొక్కలకి. కింద పెట్టండి. మా వైపు ఆడవాళ్ళందరూ ఇలాగే కాలుస్తారు. అడ్డచుట్ట అంటారు. ఊడ్పుల్లో వాన పడినా ఆరదు. గాలికి నిప్పురవ్వ ఎగిరి గడ్డివాము మీద పడదు. పైగా రెండింతలసేపు వస్తుంది."

ఆయన గోడకి జారగిలబడి కూర్చున్నారు. "ఎంత పెద్దోళ్ళకి అంటించినానో అక్కా. షేకులు, మంత్రులు, తెల్లోళ్ళు. ఇంత ధైర్యంగా కాల్చినోళ్ళని చూళ్ళేదు."

తర్వాత నల్లది అంటించి చూశాను. మళ్ళీ బిరడా వాసన చూశాను. "మధ్యది" అన్నాను.

అక్కడ రెండో పోట్లాట. ఆ సీసా గట్టిది, గట్టి సీసాకి గట్టి చుట్టే ఇవ్వాలని వాళ్ళ ఉద్యోగం పుస్తకాల్లో ఉందట. తక్కిన ఇద్దరూ నల్లదే ఏరుతారట.

"పుస్తకాల మాట ఒకటి. పైగా మీరు నిప్పు లోపల పెట్టి చూసినారు. రుచి మారిపోతాది!"

"మారనీండి. సీసా చింతపండులా అరుస్తోంది. నల్లదీ అరుస్తోంది. రెండూ అరిస్తే సంసారం కాదని చెప్పిందెవరు? నేనా?"

ఆయన చుట్టల్ని మళ్ళీ వరసగా సర్దడం మొదలెట్టారు. తన మాట తనకే తిరిగి తగిలితే మగవాళ్ళు అలాగే చేస్తారు. "నా ముక్కుంటే నేనే చూసుకుందును" అని మాత్రం అన్నారు. అది నన్నన్నది కాదు. నాకు తెలుసు.

పరీక్ష మధ్యాహ్నం. సాయంత్రం ఐదింటికి మెట్లెక్కి వచ్చారు. టై వదులైంది.

ముగ్గురినీ వరసగా పిలిచారట. తక్కిన ఇద్దరూ నల్లది ఏరారు. ఈయన కోటు జేబులో చెయ్యి పెట్టుకుని పుస్తకాన్ని ఒకసారి తడుముకుని, మధ్యది ఏరారు. ఎందుకని ముదీర్ అడిగితే, రాసుకున్న ఇంగ్లీషు మాటలు గాభరాలో మరిచిపోయారు. నేనన్నవే చెప్పేశారు. పులిసిన నేరేడు, తడిసిన గోనె, అత్తగారి చింతపండు, కొత్త చెప్పులు.

"నవ్వినాడా?"

"లేదక్కా. కళ్ళు మూసుకున్నాడు. ఒక గుక్క తాగినాడు, ఒక పీలుపు. వెంటనే రెండోది పీల్చినాడు."

"మరింకేం! కుదిరిందన్నమాట!"

"అప్పుడు గ్లాసు నా ముందు పెట్టినాడు. నువ్వూ తాగి చెప్పు, ఇంకా ఏం తెలస్తా ఉండాదో అన్నాడు."

ఆయన గుమ్మం మీద కూర్చుండిపోయారు. నేను టీ తెచ్చి చేతికిచ్చాను. ఆ రోజు నోరు విప్పేదాకా ఆగలేదు, వేడివేడిగా తాగేశారు.

"చెప్పేసినా అక్కా. ఎప్పుడూ తాగలేదన్నా. కాల్చలేదన్నా. ముక్కుతో బతికినా, ఇప్పుడు ముక్కు కూడా లేదన్నా. మరి ఇది ఎవురు ఏరినారంటే, మా అక్క అన్నా. ఆమె ఎక్కడ చదివిందంటే, శ్రీకాకుళంలో అన్నా."

"ఏమన్నాడు?"

"ఆ ఊరు క్యూబాలో ఎక్కడుండాదని అడిగినాడు."

నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. రేపు పొద్దున్న చెప్తామన్నారట. "ఎందుకు చెప్పారండీ నిజం?" అని నేనడగలేదు. పాడైన పప్పుని బాగుందన్నందుకు నేనే కదా తిట్టాను.

పొద్దున్న ఎనిమిదింటికి తలుపు తట్టారు. తీసేసరికి నల్లకోటు ఉంది, బూట్లు తుడిచి ఉన్నాయి. మెడకి టై లేదు.

"ఉంచినారక్కా. ఆ గదిలో కాదు, కింద స్టోరులో. చుట్టల పెట్టెలు, సీసాలు సర్దే పని. అక్కడ టై అక్కర్లేదంట."

"వీసా?"

"ఉండాది."

"అయితే చాలు. టై దాచుకోండి, పాడైపోదు" అన్నాను.

ఆయన వెళ్ళడానికి తిరిగారు. రెండడుగులు వేసి ఆగారు. ముక్కు కొన పైకి లేచింది. చాలా రోజులకి చూశాను దాన్ని.

"అక్కా, ఏందో మాడతా ఉండాది."

"నా వంటింట్లోనా? ఏమీ మాడదు" అన్నాను. నలభై ఏళ్ళుగా నేను ఒక్క గిన్నె మాడ్చలేదు. అయినా లోపలికి వెళ్ళి చూశాను. ఆయనతో మాట్లాడుతూ పొయ్యి మరిచాను. పప్పు అడుగంటింది.

మాడిందని పారేస్తామా? పైది తేర్చి, చింతపండు పులుపు కొంచెం ఎక్కువ వేసి, ఆనాటి పాచిపప్పు డబ్బాలోనే పోసి తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన అక్కడే నడవలో మూత తీశారు. వాసన చూశారు. వేలితో కొంచెం నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకున్నారు.

"బాగాలేదక్కా" అన్నారు.